కొత్త పైలట్‌కు ముందుగా కావలసిన చదువు: కుల్కచర్ల ఆకాశం నుంచి ఒక సమీక్ష

చిన్న విమానం నడపడానికి ఎంత చదువు కావాలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్క కట్టి పెట్టింది. 16 ఏళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్స్, 17కు ప్రైవేట్, 18కి కమర్షియల్. కమర్షియల్ లైసెన్స్ చేతికి రావాలంటే 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యతంతా తనమీద వేసుకుని ఎగరాలి. 20 గంటలు దూరప్రయాణాలు చేయాలి. వాటిలో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేరే ఏరోడ్రోముల్లో దిగి లేవాలి. ఇవి కాక నావిగేషన్, వాతావరణశాస్త్రం, రెగ్యులేషన్లు, టెక్నికల్ రాతపరీక్షలు. నూటికి 70 వస్తే పాస్. రేడియో పరీక్ష, వైద్యపరీక్ష వేరు.

ఈ లెక్కలో తప్పేమీ లేదు. అయితే పుస్తకంలో నాలుగు సబ్జెక్టులుగా విడగొట్టిన చదువు గాలిలో అలా విడివిడిగా ఎదురుకాదు. ఎండ ముదిరితే ఇంజిన్ బలం తగ్గుతుంది, రన్‌వే చాలకుండా పోతుంది, ఎక్కే వేగం మందగిస్తుంది, మధ్యాహ్నానికి మబ్బు పుడుతుంది. ఎండ ఒక్కటే, అది తాకే పేపర్లు మాత్రం మూడు. పైగా 70 మార్కులతో గట్టెక్కిన విద్యార్థికి రాని ఆ 30 మార్కులు ఏ పాఠంలోవో ఎవరూ అడగరు. ఉరుముల గాలివాన పాఠంలోవే కావచ్చు. అందుకే సిలబస్‌ను పక్కనపెట్టి, మన నేల మీదుగా ఎగిరే పిల్లకు ఏది ముందు తెలియాలి, ఏది తరవాతైనా పరవాలేదు అని ఒకసారి సరిచూడాలి.

మన నేల అంటున్నది వికారాబాద్ జిల్లాలో పరిగికి దక్షిణాన ఉన్న కుల్కచర్ల చుట్టుపక్కల గురించి. ఇక్కడ ఏరోడ్రోమ్ లేదు. కానీ ఆకాశం ఖాళీగా లేదు. తూర్పున బేగంపేటలో పౌర విమాన శిక్షణ నడుస్తోంది. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది, హకీంపేటలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. వాయవ్యాన బీదర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో హాక్ జెట్ల మీద శిక్షణ ఇస్తారు. శంషాబాద్‌కు వచ్చిపోయే పెద్ద విమానాలు సరేసరి. బేగంపేట నుంచి తాండూరుకు గాలిదారిలో సుమారు 52 నాటికల్ మైళ్లు. సెస్నా 172 లాంటి చిన్న విమానానికి అది అరగంట ప్రయాణం.

2019 అక్టోబర్ 6న, దసరాకు రెండు రోజుల ముందు, బేగంపేట నుంచి బయల్దేరిన ఒక సెస్నా 172 వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర చేలో కూలింది. అందులోని శిక్షణ పైలట్లు ఇద్దరూ చనిపోయారు. వాతావరణం బాగాలేదని అప్పటి వార్తలన్నీ చెప్పాయి. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు అక్టోబర్ 9 దాకా దేశంలో ఏ మూల నుంచీ వెనక్కి మళ్లనే లేదు. వాతావరణ శాఖ రికార్డుల్లో అంత ఆలస్యం ముందెన్నడూ లేదు. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 కూలి ఒక విద్యార్థిని, 2023 డిసెంబర్ 4న తూప్రాన్ శివార్లలో ఎయిర్‌ఫోర్స్ పిలాటస్ కూలి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. ఈ మూడింటికీ కారణం ఒకటే అనడం లేదు. ఆ తేల్చే పని దర్యాప్తు అధికారులది. చనిపోయినవాళ్లలో తప్పు వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం కానే కాదు. బతికి నేర్చుకుంటున్నవాళ్లకు ఏం చెప్పాలన్నదే నా పట్టింపు.

నా లెక్కలో మొదటి స్థానం వాతావరణానిదే. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు పొద్దున ఆకాశంలో మబ్బుతునక ఉండదు. రెండు దాటాక ఓ మూలన తెల్లని మబ్బు పైకి లేస్తుంది, చూస్తుండగానే అది క్యుములోనింబస్ అవుతుంది. దాని తల 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. సెస్నా 172 ఎక్కగలిగేది 14,000 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి దాని మీద నుంచి దాటిపోవడమన్నది లేదు. కింద నుంచి దూరిపోదామంటే ఇంకా ప్రమాదం. వానకు ముందు దుమ్ము లేపుకుంటూ చల్లగాలి ఒకటి వస్తుంది, అది తగలగానే రైతు కల్లంలో గింజల మీద పట్టా కప్పేస్తాడు. ఆ గాలి మబ్బులోంచి కిందికి జారి నేలను తాకి నాలుగు దిక్కులా పరుచుకున్న గాలి. దిగబోతున్న విమానానికి అది మొదట ఎదురుగాలిగా తగిలి వేగం పెంచినట్టు చూపిస్తుంది. పైలట్ థ్రాటిల్ తగ్గిస్తాడు. అర నిమిషంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది, రెక్క మీద వేగం ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటికి నేల దగ్గరపడి ఉంటుంది. ఉరుముల మబ్బుకు 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు ఎడంగా ఉండమనేది అందుకే. తాండూరు మీద మబ్బు కమ్మితే పరిగి మీద ఉన్నవాడు కూడా దగ్గరే ఉన్నట్టు.

గాలివాన కనిపిస్తుంది కాబట్టి భయపడి ఆగుతాం. కనిపించకుండా చుట్టేసేది మామూలు మబ్బు. కంటిచూపుతో ఎగిరే విమానానికి 10,000 అడుగుల లోపు 5 కిలోమీటర్ల దూరం కనపడాలి, మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 300 మీటర్లు ఎడం ఉండాలి. ఈ అంకెలు బట్టీపట్టని విద్యార్థి ఉండడు. ఇవి ఎందుకు పెట్టారో మాత్రం చాలామందికి తెలియదు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో 20 మంది పైలట్ల మీద ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి ఎగరడంలో శిక్షణ లేని వాళ్లను మబ్బులోకి వెళ్లినట్టుండే పరిస్థితిలో పెట్టారు. ఇరవై మందిలో ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో ఉంచలేకపోయారు. సగటున 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కారణం మన చెవి లోపలే ఉంది. ఒంపు మెల్లగా మొదలైతే లోపలి చెవి దాన్ని పసిగట్టదు. కాసేపు తిరుగుతూ ఉంటే తిరగడం ఆగిందనుకుంటుంది. విమానాన్ని సరిచేయగానే ఎదురు దిక్కుకు ఒరిగామని చెబుతుంది. శరీరం చెప్పినట్టు వింటే విమానం మళ్లీ ఒంపులోకి, అక్కణ్నుంచి చుట్లు తిరుగుతూ కిందికి పోతుంది. ఇది తెలివికి, ధైర్యానికి సంబంధించినది కాదు. మనిషి శరీరమే అంత.

కాబట్టి వాతావరణ పాఠమంటే మబ్బుల పేర్లు చెప్పగలగడం మాత్రమే కాదు. ఎక్కడ వెనక్కి తిప్పాలో ఇంటి దగ్గరే తేల్చుకుని రావడం. అనంతగిరి కొండల మీద మబ్బు అంచు ఎంత ఎత్తున ఉందో చూసి, ఫలానా ఎత్తుకు దిగితే వెనక్కి తిప్పుతానని ముందే రాసుకున్నవాళ్లకు పైకి వెళ్లాక మనసుతో వాదన ఉండదు. ఒక చిన్న విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మెటార్, టాఫ్ అనే వాతావరణ నివేదికల్లో టైం మన టైం కాదు, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. అందులో 0900 అని ఉంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. పొద్దున తొమ్మిదనుకుని చదివితే మబ్బు పుట్టే వేళే లెక్కలోంచి జారిపోతుంది.

రెండో స్థానం స్టాల్‌ది. ఇక్కడ మన స్కూలు పుస్తకాలే మొదట తప్పు నేర్పాయి. రెక్క పైభాగం వంపు తిరిగి పొడవుగా ఉంటుంది, పైగాలి కిందిగాలిని అవతలి అంచు దగ్గర కలుసుకోవాలి, అందుకని వేగంగా వెళుతుంది అని చదువుకున్నాం. అలా కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు. కొలిచి చూస్తే పైగాలి కిందిగాలికంటే ముందే చేరుతుంది. రెక్క ఒక కోణంలో గాలికి ఎదురునిలిచి దాన్ని కిందికి మళ్లిస్తుంది. ఆ మళ్లింపులో పైన పీడనం తగ్గుతుంది, కింద పెరుగుతుంది. ఆ కోణం పేరే యాంగిల్ ఆఫ్ అటాక్. 1944లో అమెరికాలో వచ్చిన 'స్టిక్ అండ్ రడ్డర్'లో వోల్ఫ్‌గాంగ్ లాంగెవీషె మిగతా అన్నిటికీ ముందు పట్టుకున్నది దీన్నే. ఎనభై ఏళ్లు దాటినా ఈ విషయంలో అంత తేటగా చెప్పిన పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే గాలి రెక్కను అంటిపెట్టుకుని పారదు, లిఫ్ట్ కూలిపోతుంది. అదే స్టాల్. వేగం తగ్గితేనే స్టాల్ అవుతుందని నమ్మిన విద్యార్థి మలుపులో దెబ్బతింటాడు. సెస్నా 172ఎస్ మాన్యువల్‌లో ఫ్లాప్స్ దించకుండా, నిండు బరువుతో స్టాల్ వేగం 48 నాట్స్. అదే ఎత్తు నిలబెట్టుకుంటూ 45 డిగ్రీలు ఒంచి తిప్పితే 57 అవుతుంది. 60 డిగ్రీలు ఒంచితే రెక్క రెట్టింపు బరువు మోయాలి, స్టాల్ వేగం 68కి చేరుతుంది. ల్యాండింగ్‌కు వచ్చే వేగం ఇంచుమించు అంతే.

ఇది జరిగే చోటు కూడా దాదాపు ఖాయం. దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో, రన్‌వేకు అడ్డంగా వచ్చే బేస్ నుంచి దానికి సూటిగా ఉండే ఫైనల్‌కు తిరిగే మలుపు అది. ఎత్తు 500 అడుగుల చుట్టూ ఉంటుంది. వెనక నుంచి గాలి తోసి రన్‌వే గీత దాటిపోయామనిపిస్తుంది. ఎక్కువ ఒంచడానికి భయపడి, లోపలివైపు రడ్డర్ తొక్కి ముక్కును తిప్పేస్తారు. ముక్కు కిందికి పోతుంటే కంట్రోల్ వెనక్కి లాగుతారు. ఒక రెక్క ముందు స్టాల్ అవుతుంది, విమానం గిరికీ కొడుతుంది. స్పిన్‌లోంచి బయటపడే పద్ధతి ఉంది. పవర్ తగ్గించి, ఎయిలెరాన్లు మధ్యకు తెచ్చి, తిరిగే దిక్కుకు ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కి, కంట్రోల్ ముందుకు తొయ్యాలి. 500 అడుగుల్లో అది చేయడానికి చోటు ఉండదు. అందుకే గీత దాటిపోతే సరిదిద్దబోకుండా థ్రాటిల్ పూర్తిగా తెరిచి మళ్లీ చుట్టు తిరిగి రావాలి. ఇలా గో అరౌండ్ చేసిన పిల్లను సరిగ్గా దిగలేదని చిన్నబుచ్చే ఇన్‌స్ట్రక్టర్ ఆ పిల్లకు చెడ్డ పాఠం నేర్పుతున్నట్టే.

ఎండ సంగతి మూడోది. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు. మే నెలలో 41 డిగ్రీలుంటే తేడా దాదాపు ముప్పై. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,300 అడుగులకు దగ్గరవుతుంది. అంటే విమానం దృష్టిలో రన్‌వే అంత ఎత్తైన కొండ మీద ఉన్నట్టు లెక్క. ప్రతి వెయ్యి అడుగులకూ పరుగు సుమారు పదో వంతు పెరుగుతుందని మోటు లెక్క. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ చూపే లేచే వేగం మారదు, నేల మీద అందుకోవాల్సిన వేగం మాత్రం నిజంగా ఎక్కువ. జనవరి పొద్దున సునాయాసంగా లేచిన విమానమే మే మధ్యాహ్నం అదే మనుషులతో, అదే పెట్రోలుతో బరువుగా లేస్తుంది. మాన్యువల్‌లోని పర్ఫార్మెన్స్ పట్టికలు చూడకుండా 'రోజూ లేస్తున్నదేగా' అనుకోవడం వేసవిలో పనికిరాదు.

బరువు విషయంలో మా వైపు పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఎడ్లబండిలో కంది బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు నొక్కుకుంటుంది, ముందుకు వేస్తే మెడలు వంగిపోతాయి. బండి కట్టినవాళ్ల ఇంట్లో ఇది చెప్పనక్కర్లేదు. విమానంలోనూ మొత్తం బరువు పరిమితిలో ఉంటే చాలదు. అది వెనక చేరితే ముక్కు కిందికి దిగనని మొండికేస్తుంది, స్టాల్‌లోంచి బయటపడటం కష్టమవుతుంది.

ఇంధనం విషయం దగ్గరగా చూడాల్సింది. విమానం పెట్రోలు 100ఎల్ఎల్ లేత నీలిరంగులో ఉంటుంది. ఎగరబోయే ముందు రెక్కల కింద, ఇంజిన్ కింద ఉండే చిన్న డ్రెయిన్లలోంచి గాజులాంటి పారదర్శకపు కప్పులోకి కొద్దికొద్దిగా తీసి వెలుతురుకు ఎత్తి చూస్తారు. 172ఎస్‌లో ఇలాంటి డ్రెయిన్లు 13 ఉంటాయి. నీరు పెట్రోలుకంటే బరువు కాబట్టి అడుగున రంగులేని బుడగలా నిలుస్తుంది. రాత్రంతా వానలో బయట నిలబడ్డ విమానంలో, ట్యాంకు మూత రబ్బరు పాతబడి ఉంటే, ఈ బుడగ కనిపించే అవకాశం ఎక్కువ. కనిపిస్తే పారబోసి, బుడగ రానంతవరకు మళ్లీ మళ్లీ తీయాలి. కప్పు మొత్తం రంగు లేకుండా ఉంటే అది బాగున్నట్టు కాదు, వచ్చినదంతా నీరే కావచ్చు. పదమూడుసార్లు వంగి లేవడం విసుగే. ఆ విసుగుకు లొంగకూడదు.

కార్బ్యురేటర్ ఐసింగ్ కూడా మనవాళ్లు తేలిగ్గా తీసుకునేదే. మంచు అనగానే కశ్మీర్ గుర్తొస్తుంది. కానీ సెస్నా 152 లాంటి కార్బ్యురేటర్ విమానాల్లో బయట 25 డిగ్రీలున్నా, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, లోపల గొట్టంలో మంచు పేరుకుంటుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, గాలి ఇరుకులోంచి దూసుకుపోయేటప్పుడు అక్కడ ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. జూలైలో ముసురు పట్టిన వికారాబాద్ గాలి దానికి సరిగ్గా సరిపోతుంది. పవర్ తగ్గించి కిందికి దిగేటప్పుడు కార్బ్యురేటర్ హీట్ లాగడం ఇక్కడ కూడా అవసరమే.

నావిగేషన్‌కు జీపీఎస్ వచ్చాక ప్రాధాన్యం తగ్గిందంటారు. నేను ఒప్పుకోను. తెర ఆరిపోయిన రోజు కిటికీలోంచి కనిపించే నేలే పటం. ఈ దారిలో అది పుష్కలంగా ఉంది. గండిపేట, హిమాయత్‌సాగర్ దాటాక పడమరకు రైలుపట్టా పట్టుకుంటే వికారాబాద్‌లో అది రెండుగా చీలుతుంది. ఎడమది తాండూరు మీదుగా వాడి జంక్షన్‌కు, కుడిది జహీరాబాద్ మీదుగా బీదర్‌కు. ఏ పాయ పట్టుకున్నామో దిక్సూచితో సరిచూసుకోవాలి. తప్పు పాయ పడితే ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఆకాశంలోకి నేరుగా వెళ్లినట్టే. తాండూరును సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనుల తెల్లటి గుంటలు దూరం నుంచే పట్టిస్తాయి. కుల్కచర్ల వైపు పాంబండ గుట్ట ఉంది. 60 నాటికల్ మైళ్లకు ఒక డిగ్రీ తప్పితే ఒక మైలు పక్కకు పోతామన్న పాత సూత్రం ఒక్కటి చేతిలో ఉన్నా చాలా దూరం నడుస్తుంది. పూడూరు మండలం దామగుండం అడవిలో నేవీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. అలాంటి కేంద్రాల మాస్టులు లేచాక పాత పటం పట్టుకుని తక్కువ ఎత్తులో తిరగడం కుదరదు. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పీడనం సరిగ్గా పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. పది హెక్టోపాస్కల్స్ తేడా ఉంటే 300 అడుగులు తప్పు చూపిస్తుంది.

ఇంజిన్ ఆగితే ఏమిటన్నది ప్రతి తల్లీతండ్రీ అడిగే ప్రశ్న. సెస్నా 172 రాయిలా పడిపోదు. 68 నాట్స్ నిలబెడితే ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది. నేలకు 3,000 అడుగుల మీద ఉంటే ఎనిమిది కిలోమీటర్లు, నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో చేను ఎంచుకోవాలి, రేడియోలో మేడే చెప్పాలి, ట్రాన్స్‌పాండర్‌లో ఆపద సంకేతం 7700 పెట్టాలి. ఎంచుకోవడంలో విదేశీ పుస్తకాలు చదివినవాళ్లకంటే వ్యవసాయం ఎరిగిన పిల్లదే పైచేయి. నవంబర్‌లో కంది నిలువెత్తున ఉంటుంది, రెక్కకు చిక్కుకుంటుంది. సెప్టెంబర్‌లో తాండూరు నల్లరేగడి మీద ముందు చక్రం దిగబడితే విమానం బోర్లా పడుతుంది. కోత అయిపోయిన జొన్నచేను, బీడు, సాళ్ల వెంబడి దిగడం మేలు, సాళ్లకు అడ్డంగా కాదు. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలే కనిపిస్తాయి. బోరు మోటారు ఉన్నచోట తీగ ఉన్నట్టే అనుకోవాలి.

రెగ్యులేషన్లు, రేడియో గురించి ఎక్కువ చెప్పను. అవి అంకెలు, వరసలు. కూర్చుంటే వస్తాయి. రెగ్యులేషన్లకు ఆర్.కె. బాలి, వాతావరణానికి ఐ.సి. జోషి పుస్తకాలు మన దేశంలో విద్యార్థుల చేతుల్లో నలిగినవి. అమెరికా ఎఫ్ఏఏ వారి పైలట్ హ్యాండ్‌బుక్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అన్నీ ఇంగ్లిషులోనే. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇక్కడ జంకుతారు. జంకవలసిన పని లేదు. రేడియో ఇంగ్లిషు సాహిత్యం కాదు, కట్టుదిట్టంగా కుదించిన కొన్ని మాటల పట్టిక. విన్నది తిరిగి అప్పజెప్పడం, అర్థం కాకపోతే 'సే అగైన్' అనడం, ఆ రెండూ అలవాటైతే ఉచ్చారణ దానంతటదే కుదురుతుంది. అర్థం కాకుండా 'రోజర్' అనడమే ప్రమాదం. పొలంలో పెరిగిన పిల్లకు గాలి దిక్కు, మబ్బు నడక, నేల తడి తెలిసి ఉంటాయి. ఇంగ్లిషు ఆరు నెలల్లో నేర్పవచ్చు, అవి నేర్పడం అంత సులువు కాదు.

ఇక పుస్తకాల్లో లేనిది ఒకటి ఉంది. కమర్షియల్ లైసెన్స్ చేతికొచ్చేసరికి ఖర్చు అరకోటి మాట. భూమి అమ్మి, బ్యాంకులో అప్పు తెచ్చి పంపిన ఇంటి పిల్ల మీద 200 గంటలు త్వరగా పూర్తి చేయాలన్న బరువు ఉంటుంది. మబ్బు చూసి వెనక్కి తిప్పితే ఆ గంటకు డబ్బు పోతుంది, దూరప్రయాణం పూర్తి కాలేదని లెక్కలో పడదు, మళ్లీ బుకింగ్ కోసం ఎదురుచూడాలి. వాతావరణ పాఠం ఎంత బాగా వచ్చినా ఈ బరువు దాన్ని వెనక్కి నెడుతుంది. నిర్ణయం తీసుకునే వేళ పిల్ల ఒంటరిగా, లేదా తన వయసువాళ్లే ఒకరు పక్కన ఉండగా, ఆకాశంలో ఉంటుంది.

కాబట్టి పిల్లను చేర్చడానికి వెళ్లే తల్లిదండ్రులు ఫీజుతోపాటు ఇంకొన్ని అడగాలి. పోయిన వానాకాలంలో ఎన్ని రోజులు విమానాలు ఆపేశారు? సోలో వెళ్లే విద్యార్థికి గాలి, మబ్బు, కనిపించే దూరం పరిమితులు కాగితం మీద రాసి, ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో ఇస్తారా? ఆ రోజు వెళ్లవచ్చా వద్దా అన్న మాట ఎవరిది? వాతావరణం చూసి సగం దారిలో తిరిగి వచ్చిన గంటలకు డబ్బు ఎలా కడతారు? ఆ పిల్లకు మరుసటి బుకింగ్ వెంటనే ఇస్తారా, వరస చివరకు పంపుతారా? వీటికి తడుముకోకుండా, రిజిస్టర్ తెరిచి జవాబు చెప్పే చోట చేర్చండి.